వినిపించినవాడు విననూ వలె

మాతృభాష మాటాడువారు చుట్టుపట్ల లేని చోట తెలుగు మాట హఠాత్తుగా చెవిని పడినప్పుడు కలిగే పులకరింత ఎట్టిదో ఈ సంచిక చదివే కుటుంబములకు నేను వివరించనక్కరలేదు. షోలాపురములోను, బరంపురములోను, కోలారు బంగారు గనులలోను, మదురై వీథులలోను తరతరాలుగా స్థిరపడిన మనవారు బజారులో ఒక భాష, బడిలో ఒక భాష, వంటయింటిలో ఒక భాష మాటాడుతూ బ్రతికినారు. రేడియో వచ్చిన తరువాత ఆ వంటయింటి భాష గూటిలోని పెట్టె నుండి కూడ వినవచ్చినది. మద్రాసు, విజయవాడ, హైదరాబాదు కేంద్రములు, సముద్రము మీదుగా సిలోను - రాత్రివేళ ముల్లు అటు ఇటు త్రిప్పుతూ, గరగరల మధ్య ఒక్క తెలుగు వాక్యము కొరకు వెదకిన చేతులు మన ఇండ్లలో ఎన్నో ఉన్నవి.

అట్లు వెదకేవారికి అప్పుడప్పుడు ఒక అపరిచిత స్వరము తగిలేది. ఒక పాట అయిన తరువాత ఎవరో నెమ్మదిగా, తొందర లేకుండ, ఒంటరిగా ఉన్నవారిని, రోగముతో మంచము పట్టినవారిని, అయినవారు విడిచినవారిని పేరు లేకుండ పలుకరించేవారు. పావుగంట మాటాడి చివర ఒక తపాలా పెట్టె సంఖ్య చెప్పి, ఉత్తరము వ్రాయుమనేవారు. అవి క్రైస్తవ ప్రసారములు. కొన్ని సముద్రములోని ద్వీపముల నుండి, కొన్ని మనీలా నుండి వచ్చేవి. క్రైస్తవులే కాక ఇతరులు కూడ వాటిని వినేవారు. కొందరు పాట కొరకు విన్నారు, కొందరు తెలుగు కొరకు విన్నారు, మరికొందరు తమను ఆ రోజు పలుకరించిన మనిషి వేరొకరు లేనందున విన్నారు.

ఈ మూడవ తెగవారిని గురించియే నా ఆలోచన. ముఖము తెలియని మనిషి ఒక యంత్రము ద్వారా, తాను ఎన్నడూ చూడబోని మరియొక మనిషికి ఆశను ఇవ్వగలడా? ఇవ్వగలిగినా, అట్లు ఇచ్చుట ధర్మమేనా? దీనిపై రెండు ఆక్షేపణలు వింటూ ఉంటాము. మొదటిది, దుర్బలుని దుఃఖమును ఆసరాగా చేసికొని మతమును చెప్పుట గాలములో ఎరను గ్రుచ్చుట వంటిది అని. రెండవది అంత తరచుగా వినపడదు గాని నా దృష్టిలో అదియే బలమైనది. దూరము నుండి మాటాడుట మిక్కిలి చౌక అని, రోగి పక్కన కూర్చుండనక్కరలేదు, అతని వాసన భరించనక్కరలేదు, అతడు తిరిగి ఏమన్నాడో విననక్కరలేదు అని.

ఈ పని ఎట్లు మొదలైనదో కొంచెము చూతము. 1931వ సంవత్సరములోనే రెండు కేంద్రములు పుట్టినవి. ఫిబ్రవరి 12న మార్కొనీ నిర్మించిన వాటికను రేడియోలో పదునొకండవ పయస్ పోపు మాటాడినారు. అదే యేడు క్రిస్మసు దినమున దక్షిణ అమెరికాలో, ఈక్వెడారు రాజధాని కీటో నగరములో, క్లారెన్స్ జోన్సు అనే అమెరికను మిషనరీ, అతని సహచరులు 250 వాట్ల చిన్న యంత్రముతో ప్రసారము ప్రారంభించినారు. ఆ దినమున ఆ దేశములో రేడియో పెట్టెలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉండెనని చెప్పుతారు. వినువారు లేకుండగనే చెప్పుటకు పూనుకొనుట వెఱ్ఱి అని ఆనాడు నవ్వినవారు నవ్వియే ఉంటారు. 1948లో మనీలాలో ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, 1954లో మొరాకో తీరమున టాంజియరులో పాల్ ఫ్రీడు స్థాపించిన కేంద్రము వచ్చినవి. టాంజియరు కేంద్రము మొదట మాటాడినది జలసంధికి ఆవలి స్పెయినుతో. ఫ్రాంకో పాలనలో అక్కడి ప్రొటెస్టంటులు బహిరంగముగా కూడుకొనుటకు వీలులేని కాలమది. 1960లో ఆ సంస్థ మాంటి కార్లోకు మారినది. రెండవ ప్రపంచయుద్ధ కాలములో నాజీల ప్రచారము కొరకు మొదలుపెట్టిన కట్టడమే వారికి దొరికినది. ద్వేషము పలుకుటకు కట్టిన గదిలో ఓదార్పు పలికినారు. యంత్రమునకు ఈ భేదము తెలియదు. ఈ మాట ఇప్పుడు గుర్తుంచుకొనవలె, మరల దీనితో పని ఉన్నది.

మన వైపునకు వచ్చిన స్వరములలో ఒకటి సేషెల్సు ద్వీపముల నుండి వచ్చినది. 1970 నుండి 2003 వరకు అక్కడి నుండి ఫీబా సంస్థ అనేక భారతీయ భాషలలో ప్రసారము చేసినది. దాని స్తంభములు పగడపు దిబ్బలమీద, సముద్రపు నీటిలోనే నిలిపినారు. శ్రీలంకలోని పుత్తళము నుండి మధ్యతరంగములమీద మరియొక సంస్థ మాటాడినది. మనీలాలో 1969లో ప్రారంభమైన కతోలిక కేంద్రము రేడియో వెరితాస్ ఆసియా తెలుగులో కూడ ప్రసారము చేసి, 2018 జూను ఆఖరున హ్రస్వతరంగములను మాని అంతర్జాలమునకు మారినది. హ్రస్వతరంగమునకు ఒక గుణమున్నది. అది నేల వెంబడి ప్రాకి దగ్గరలో ఆగిపోదు. ఆకాశమున విద్యుత్కణములతో నిండిన పొరను తాకి తిరిగి నేలకు దిగి వేల మైళ్ల దూరమున వినపడుతుంది. అందుచేత నగరమునకు, దారికి, పత్రికకు, బడికి దూరమైన వానికే అది మొదట అందినది. మిగిలిన సౌకర్యములన్నియు మొదట నగరమునకు వచ్చి పల్లెకు ఆలస్యముగా పోతవి. ఈ ఒక్కటి మాత్రము కొండ వెనుకనున్న వానిని, పట్నవాసిని సమానముగా చూచినది.

ఇక భాష మాట. 1939లో లాసేంజిలిసులో జాయ్ రిడ్డర్‌హాఫ్ అనే స్త్రీ గాస్పెల్ రికార్డింగ్సు అనే సంస్థను స్థాపించినారు. ఆమె హోండురాసులో మిషనరీగా పనిచేసి, మలేరియాతో చిక్కి ఇంటికి తిరిగి వచ్చినవారు. తాను తిరిగి పోలేని పల్లెలకు తన గొంతునైనా పంపవలెనని స్పానిషు భాషలో ఒక గ్రామఫోను రికార్డు చేయించినారు. మంచములోనుండి పుట్టిన ఆలోచన యిది. నిర్బంధములో ఉన్న మనిషియే నిర్బంధములో ఉన్న వారిని తలచినది. తరువాత ఆమె సంస్థ లిపి లేని భాషలను, కొన్ని వందల మంది మాత్రమే మాటాడే యాసలను వెదకి పట్టుకొని, ఆయా జాతులవారి నోటనే చెప్పించి రికార్డు చేసినది. అట్టి భాషలు, యాసలు వేలలో ఉన్నవి. విద్యుత్తు లేనిచోట వినుటకు అట్టముక్కను మడచి, దానికి సూది తగిలించి, రికార్డును చేతితో త్రిప్పి వినే సాధనమును కూడ వారు చేసినారు. అట్టపెట్టె మాటాడుట చూచి ఆశ్చర్యపడిన పల్లెవారి కథలు చెప్పుకొనుటకు బాగుంటవి. కాని అంతకంటె లోతైన సంగతి వేరొకటి ఉన్నది. ప్రభుత్వము, వర్తకుడు, బడిపంతులు, న్యాయస్థానము - ఇన్నాళ్లు తనను పలుకరించిన ప్రతివాడును పరాయి భాషలోనే పలుకరించిన మనిషికి, తన తల్లి భాషలో, తన యాసలో ఒక మాట వినపడుట అనగా నేమి? నీ భాష కూడ భాషయే, నీవు కూడ మనిషివే అని ఎవరో ఒప్పుకొనుట. ఇంటి బయట మన భాషకు విలువ లేని ఊళ్లలో పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి ఇతరులకంటె త్వరగా బోధపడుతుంది.

కాని గ్రామఫోను రికార్డుకు చెవులు లేవు. అది ఎంత చక్కగా పలికినా, వినిన వాడు అడిగిన ప్రశ్నను వినదు. అదే పాట, అదే మాట, మరల మరల. ఇక్కడనే రెండవ ఆక్షేపణ బలము పుంజుకొంటుంది.

మొదటి ఆక్షేపణను ముందుగా తేల్చుకొందము. మన రాజ్యాంగము ఇరువదియైదవ అధికరణములో మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు హక్కు నిచ్చినది. బలాత్కారముచేత, ప్రలోభముచేత, మోసముచేత మతము మార్పించుటను నిషేధిస్తూ ఒరిస్సా 1967లో చట్టము చేసినది. మధ్యప్రదేశము మరుసటి యేడు చేసినది. 1977లో సర్వోన్నత న్యాయస్థానము స్టానిస్లాసు కేసులో ఆ చట్టములను నిలబెట్టి, ప్రచారపు హక్కులో ఇతరుని మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును విమర్శించిన న్యాయవేత్తలు ఉన్నారు, మెచ్చినవారు ఉన్నారు. చట్టము చూచేది బలము, ప్రలోభము, మోసము. వీటిలో ఏదియు లేకపోయినా ఒక పని నీతికి తక్కువ కావచ్చును. నా మట్టుకు నాకు, తన విశ్వాసమును దాచుకొనక చెప్పేవాడు దోషి కాడు. తనకు దొరికిన మందు మంచిదని నమ్మినవాడు పొరుగువానికి చెప్పకుండునా? మన భక్తులు, దాసులు, జంగములు వీథి వీథి తిరిగి పాడినది కూడ ఇదియే. దోషము వేరొక చోట ఉన్నది. నీవు నా మాటకు ఒప్పుకొంటేనే నీ మాట నేను వింటాను అనే షరతులో ఉన్నది. ఆ షరతు పెట్టినవాడు హిందువైనా, క్రైస్తవుడైనా, సాహెబైనా, ఏ మతము లేని రాజకీయ కార్యకర్త ఐనా దుర్బలుని దుఃఖముతో వ్యాపారము చేసినవాడే.

ఈ విషయమును కొందరు క్రైస్తవులే గట్టిగా ఆలోచించినారు. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో 1963లో లూథరను సంఘముల ప్రపంచ సమాఖ్య ఒక గొప్ప రేడియో కేంద్రమును ప్రారంభించినది. ప్రసారకాలములో నూటికి ముప్పది పాళ్లు మాత్రమే మతబోధకు, డెబ్బది పాళ్లు వార్తలకు, ఆరోగ్యమునకు, వ్యవసాయమునకు, విద్యకు అని వారు నియమము పెట్టుకొన్నారు. మనిషికి ఆత్మ ఒక్కటే కాదు, శరీరము కూడ ఉన్నదని, ఆకలి ఉన్నదని, పిల్లలు ఉన్నారని వారికి తెలిసినది. 1977 మార్చిలో అక్కడి సైనిక ప్రభుత్వము ఆ కేంద్రమును స్వాధీనము చేసికొన్నది. మరునాటినుండి అవే యంత్రములు వేరు మాటలు పలికినవి. మాంటి కార్లోలో జరిగినదానికి ఇది తలక్రిందు. ఓదార్పు పలికిన గదిలో నినాదములు పలికినవి. యంత్రమునకు భేదము తెలియదని ఇందాక అన్నది ఇందుకే. కావున యంత్రమును పొగడి లాభము లేదు. ఎంత దూరము వినపడినదని, ఎన్ని కిలోవాట్లని లెక్కలు చెప్పి సంతోషించే ప్రచారకులను చూస్తే నాకు జాలి వేస్తుంది.

మరి దేనిని చూడవలె? ఉత్తరములను చూడవలె అని నా అభిప్రాయము.

మనీలా నుండి చీనా భాషలో 1949 తరువాత ముప్పది యేండ్లు మాటాడినారు. 1966లో సాంస్కృతిక విప్లవము మొదలైన పిమ్మట ఆ దేశములో చర్చీలు మూతపడినవి. విదేశీ రేడియో వినుట అపాయకరమైన పని. ఉత్తరములు లేనట్లే. ప్రతి సంజయును గాజుగదిలో కూర్చుండి, వినువాడు ఉన్నాడో లేడో తెలియక, మరుసటి దినము మరల వచ్చి కూర్చున్నవారి మనఃస్థితిని ఊహించండి. ఫలమును కోరక కర్మ చేయుమని మనకు చెప్పిన బోధ వారి గ్రంథములలో ఆ మాటలతో లేదు గాని, వారు చేసినది అదియే. 1979లో తలుపులు కొంచెము తెరచుకొన్నంతనే ఉత్తరములు వేల సంఖ్యలో వచ్చినవి. ఇన్నాళ్లు విన్నాము, వ్రాయుటకు వీలు లేకపోయినది అని. అల్బేనియా ఇంకను కఠినము. 1967లో ఆ దేశము తాను ప్రపంచములో మొదటి నాస్తికరాజ్యమని ప్రకటించుకొని ప్రతి ప్రార్థనాలయమును మూసినది. ఆ మూత 1990లో గాని తొలగలేదు. ఆ దేశమునకు కూడ మాంటి కార్లో నుండి వారి భాషలో మాటాడుతూనే ఉన్నారు.

ఇక ఉత్తరములు వచ్చినప్పుడు ఏమి చేసినారన్నది రెండవ పరీక్ష. 1941 ఆగస్టు 6న, బాంబులు పడుతున్న ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డు పండితుడు సి. ఎస్. లూయిసు బి.బి.సి.లో క్రైస్తవ విశ్వాసమును గురించి పదునైదు నిమిషముల ప్రసంగము చేసినారు. వరుసగా నాలుగు బుధవారములు మాటాడవలెనని ఏర్పాటు. శ్రోతల ప్రశ్నలు గుట్టలుగా వచ్చి పడగా, వాటికి జవాబు చెప్పుటకే ఐదవ ప్రసంగము ఏర్పాటు చేయవలసి వచ్చినది. అంతటితో ఆగలేదు. ప్రసంగములు ముగిసిన తరువాత కూడ యేండ్ల తరబడి అపరిచితుల నుండి ఉత్తరములు వస్తూనే ఉండగా, ఆయన ఉదయము వేళ ముందుగా వాటికే జవాబులు వ్రాసేవారు. అన్న వారెను టైపు యంత్రముపై సాయము చేసేవారు. పుస్తకములు వ్రాయవలసిన కాలమును ఉత్తరములు తిన్నవని చింతించే అభిమానులు ఉన్నారు. ఆయనకు మాత్రము అది తప్పించుకొనరాని ఋణముగా తోచినట్లున్నది. రేడియోలో పావుగంట మాటాడినందుకు జీవితాంతము జవాబులు వ్రాయవలసి వచ్చినది. చౌక అన్న ఆక్షేపణకు ఇంతకంటె మంచి సమాధానము నాకు తెలియదు. మాటాడుట చౌకయే, నిజము. వినుట మాత్రము ఖరీదైనది.

ఆ ఖరీదును చెల్లించిన మరియొకరు చాద్ వారా అనే ఆంగ్లికను పాదిరి. 1935లో ఆయన జరిపిన మొదటి అంత్యక్రియ పదునాలుగేండ్ల బాలికది. తన శరీరములో సహజముగా కలిగిన మార్పును భయంకరమైన రోగమని భ్రమించి, అడుగుటకు ఒక్క మనిషి లేక, ఆ పిల్ల ఆత్మహత్య చేసికొన్నది. ఇది ఆయన మనసును వీడలేదు. 1953లో లండనులో తన చర్చిలో ఒక టెలిఫోను పెట్టి, చావదలచినవారు తనకు ఫోను చేయవచ్చునని ప్రకటించినారు. ముందుగా ఆయన తలచినది, నేర్పు గల తానే సలహా చెప్పవలెనని. వచ్చినవారు తన వంతు కొరకు ఎదురుచూచే గదిలో కొందరు సామాన్య గృహస్థులు, గృహిణులు టీ ఇచ్చి వారి మాటలు వింటూ కూర్చుండేవారు. చిత్రమేమనగా చాలమంది ఆ టీ త్రాగి, మనసులోనిది చెప్పుకొని, ఇక పాదిరిని చూడనక్కరలేదని వెళ్లిపోయేవారు. 1954 ఫిబ్రవరిలో వారా టెలిఫోనును ఆ సామాన్యుల చేతికే అప్పగించినారు. ఈ విధముగా పుట్టినది సమారిటనుల సంస్థ. పాదిరి స్థాపించినది, పేరు బైబిలు కథలోనిది, ఐనను అక్కడ మతబోధ చేయరాదన్నది నియమము. అదే మార్గములో చెన్నపట్నములో 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమారు స్నేహ అనే సంస్థను స్థాపించినారు. బోధించుటకు పూనుకొన్న ఒక బోధకుడు తన బోధకంటె ఎవరో వినుటయే ఎక్కువ మేలు చేయుట కన్నులార చూచి, అహము విడిచి ప్రక్కకు తొలగినాడు. చాలమంది ప్రచారకులు ఈ మెట్టు ఎక్కలేదు.

మన భాషలోనే ఈ సంగతిని వేరొక వైపు నుండి చూచిన మహాకవి ఉన్నారు. క్రైస్తవ కుటుంబములో, అంటరానితనపు దెబ్బల మధ్య వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువా. 1941లో వచ్చిన ఆయన గబ్బిలములో అంటరానివాడైన కథానాయకుడు తన గోడును కాశీ విశ్వనాథునికి చెప్పుమని గబ్బిలమును పంపుతాడు. అతనికి గుడిలోనికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు అడ్డము లేదు. అందరు కవులు దూతకావ్యములు వ్రాసినారు. రాజులు, యక్షులు, విరహులు సందేశములు పంపినారు. ఇచ్చట మాత్రము సమాజము వెలివేసినవాడు పంపుతున్నాడు. అతనికి ఎవరి ప్రసంగమును వినవలసిన కోరిక లేదు. ప్రసంగములు అతడు పుట్టినది మొదలు వింటూనే ఉన్నాడు. అతడు కోరినది తన మాట ఎవరైనా వినవలెనని. జాషువా యౌవనములో రాజమహేంద్రవరమున మూగచిత్రములు ఆడేచోట తెర ప్రక్కన నిలుచుండి కథను, సంభాషణలను చదివే ఉద్యోగము చేసినారు. వయసు మళ్లిన తరువాత, 1957 మొదలు రెండేండ్లు, మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. మూగబొమ్మలకు గొంతునిచ్చిన మనిషి, మాటలు ఆకాశములోనికి పంపే చోట కూడ పనిచేసిన మనిషి. మాటలేనివాని మాట ఏమిటో ఆయనకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

ఇంతవరకు చదివినవారు, ఈ రచయితకు ఈ విషయములో ఇంత పట్టుదల ఏల అని అడుగవచ్చును. చెప్పక తప్పదు.

మాది షోలాపురము. మా ముత్తాతల కాలములో తెలంగాణము నుండి మగ్గముల పనికి వచ్చిన కుటుంబము. 1974 ప్రాంతమున నాకు పండ్రెండేండ్లు. మా వాడలో వరుసకు పెద్దమ్మ ఒకామె ఉండేది. బీడీలు చుట్టి పిల్లలను పెంచినది. క్షయ తగిలినదని తెలిసిన దినము నుండి ఆమె చుట్టిన బీడీలు ఎవరును తీసికొనలేదు. పెరటి వైపు రేకుల పంచలో ఆమెకు పక్క, కంచము, చెంబు వేరుగా పెట్టినారు. కొడుకు చెడ్డవాడు కాడు, కోడలును చెడ్డది కాదు. భయము. ఆమెకు తోడు, కొడుకు పక్కనపెట్టిన ట్రాన్సిస్టరు ఒకటి, దాని వీపుకు పురికొస చుట్టి. ప్రతి సంజయును ఒక కేంద్రము నుండి తెలుగు పావుగంట వినేది. అది ఏ కేంద్రమో నేను చెప్పను. ఆమె మార్కండేయుని మ్రొక్కే మనిషి. నారళీ పూర్ణిమనాటి రథమునకు పంచలోనుండియే చేతులు జోడించేది. ఆ ప్రసారములో చెప్పిన మతము సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. "మంచిగ మాట్లాడుతడు" అనేది, అంతే.

నేను మరాఠీ బడిలో చదివినవాడను. తెలుగు అక్షరములు ఇంట్లో నాయన నేర్పినాడు. ఒకనాడు నన్ను పంచ అవతలనే నిలబెట్టి, "ఉత్తరం రాయి బిడ్డా. నా కంచం ఎందుకు వేరు జేసిన్రు, నేనేం పాపం జేసిన అని అడుగు" అన్నది. వ్రాసినాను. నెల దాటిన తరువాత ఒక కవరు వచ్చినది. లోపల అచ్చువేసిన ఒకటవ పాఠము, ఖాళీలు పూరించి పంపుమని. నేను చదివి వినిపించగా ఆమె ఆ కాగితమును చేతికి తీసికొని వెనుకకు త్రిప్పి చూచినది. "నా మాట గిండ్ల లేదు గద బిడ్డా" అన్నది. పాఠము బాగుగనే ఉన్నది, అందులో చెడ్డ మాట ఒక్కటి లేదు. కాని అది రికార్డు వలె పలికినది.

మరల వ్రాయించినది, అదే ప్రశ్న. ఈ సారి నీలి రంగు ఇన్‌లాండు ఉత్తరము వచ్చినది, చేతివ్రాత. మీ దగ్గు మీ పాపమువలన వచ్చినది కాదు, సూక్ష్మక్రిములవలన వచ్చినది, సర్కారు దవాఖానాలో మందు ఊరకనే ఇస్తారు, నడుమ మానరాదు. కంచమువలన ఈ రోగము అంటదు, దగ్గునప్పుడు గుడ్డ అడ్డము పెట్టుకొంటే చాలును. ఈ ఉత్తరము మీ కొడుకునకు చదివి వినిపించండి. చివర, మీ కొరకు ప్రార్థిస్తున్నామని ఒక్క వాక్యము. దాని క్రింద మరల, మీ దగ్గు ఇప్పుడెట్లున్నది, వ్రాయండి అని.

కొడుకు దవాఖానాకు తీసికొనిపోయినాడు. సూదులు, మాత్రలు ఒకటిన్నర యేడు. నయమైనది. కంచము ఇంట్లోకి వచ్చుటకు మాత్రము ఇంకను రెండేండ్లు పట్టినది. ఉత్తరములు నడుస్తూనే ఉన్నవి. ఆమె ఏసుక్రీస్తును గురించి వారిని ఏమియు అడుగలేదు. మనుమరాలికి పండ్లు వచ్చినవని, మగ్గము ధర పడిపోయినదని, వాన లేదని వ్రాయించేది. వారు జవాబు వ్రాసేవారు. ఆమె మతము మారలేదని వారికి ఎప్పుడో అర్థమై ఉండవలె. ఐనను ఉత్తరము ఆగలేదు. పైన నేను షరతు అని ఒక మాట అన్నాను. షరతు లేని వినికిడి ఎట్లుండునో నాకు తెలిసినది ఈ నీలి కాగితములవలననే.

1979లో నేను చదువు నిమిత్తము పూనాకు పోయినాను. ఆ తరువాత ఆమె ఉత్తరములు చదువుటకు మా వాడలో తెలుగు చదువ వచ్చిన పిల్లవాడు లేడు, ఉన్నవారికి తీరిక లేదు. ఒక దీపావళి సెలవులలో ఆమె రెండు ఉత్తరములు తీసికొని వచ్చి మా అరుగుమీద కూర్చున్నది. స్నేహితులు వచ్చి ఉన్నారు. "రేపు చదువుత పెద్దమ్మా" అన్నాను. మరునాడు సినిమాకు పోయినాను. ఆ మరునాడు పూనా బండి ఎక్కినాను. వేసవికి వచ్చేసరికి ఆమె లేదు. కోడలు ఒక సంచి ఇచ్చినది. అందులో విప్పని ఉత్తరములు మూడు. చివరిదానిలో, మీ జాబు రాక ఆరు నెలలైనది, క్షేమమేనా, దగ్గు తిరిగి రాలేదు గదా అని వ్రాసి ఉన్నది.

ఆ రాత్రి నేను వారికి ఆమె చనిపోయిన సంగతి వ్రాసినాను. పదునైదు దినములకు జవాబు వచ్చినది, అదే చేతివ్రాత, ఈ సారి నా పేరట. సంతాపము తెలిపిన తరువాత, ఇన్నాళ్లు ఆమె మాటలు మాకు వ్రాసి పంపిన చిన్నవాడవు నీవేనా, చేతివ్రాతను బట్టి అనుకొన్నాము, నీవెట్లున్నావు, చదువెట్లున్నది, నీవు కూడ వ్రాయవచ్చును అని ఉన్నది.

ఆ కేంద్రము ప్రసారములు ఆగిపోయి చాల యేండ్లైనది. ఆ తపాలా పెట్టె సంఖ్య నాకు ఇప్పటికీ నోటికి వచ్చును. ఆ ఉత్తరమునకు నేను జవాబు వ్రాయలేదు.